పై హుక్కు

మా కంచరపాలెంలో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళలో ఒంటి కొలతలు ఇచ్చేవాళ్ళు తక్కువ. పాత జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకొచ్చి, "ఇదే ఆది, దీని ప్రకారం కుట్టెయ్" అంటారు. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. నాకూ వాళ్ళకీ ఏదైనా గొడవ వచ్చిందంటే ఆ ఆది జాకెట్టు దగ్గరే వచ్చింది. ఇంట్లో ఉన్నవాటిలో మంచిది చూసి తెస్తారు. ఎవరిదో పెళ్ళికి కుట్టించుకున్నది, రెండుసార్లు తొడుక్కుని బీరువాలో పెట్టినది, ఇస్త్రీ మడత కూడా నలగనిది. అది కుట్టించిన నాటి ఒళ్ళు వేరు, ఇప్పటి ఒళ్ళు వేరు. దాని ప్రకారం కుడితే చంక దగ్గర పట్టేస్తుంది. పట్టేస్తే తప్పు ఆదిది కాదట, టైలరుదట.

"పరువు కోసం తెచ్చిన ఆది నాకొద్దు. రోజూ తొడుక్కునేది తీసుకురండి" అని మొహం మీదే అనేసేదాన్ని. చెమట మరకలున్నా, చంకలో చిరుగున్నా ఫర్వాలేదు. మనిషి ఒళ్ళు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పేది అదే. ఊరందరికీ ఈ నీతి చెప్పిన నేను మూడేళ్ళపాటు డాక్టర్ల దగ్గరికి ఏ ఆది పట్టుకెళ్ళానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే తారీఖు చెప్పలేను. ఒక పొద్దున కత్తెర బరువనిపించింది. పెళ్ళికి ముందు నుంచీ నా చేతిలో ఉన్న ఇనుప కత్తెర అది. మొద్దుబారిందేమో అనుకుని పదును పెట్టించాను. మర్నాడు కూడా బరువుగానే ఉంది. పదును పెట్టినవాడిని తిట్టుకున్నాను. తర్వాత పాల ప్యాకెట్టు మూల కత్తిరించడానికి బొటనవేలు వంగనప్పుడు గాని తెలిసి రాలేదు, బిగుసుకుపోయింది కత్తెర కాదని.

ఆ తర్వాత నొప్పి ఒకచోట నిలవలేదు. ఇవాళ కుడి భుజం, వారం పోయాక ఎడమ మణికట్టు, ఇంకోసారి రెండు మోకాళ్ళూ. అద్దె కట్టలేక ఇళ్ళు మారేవాళ్ళలాగా తిరిగేది. దాని పద్ధతి ఒకటే మారలేదు. తెల్లవారి లేచేసరికి ఒళ్ళంతా గంజి పెట్టిన బట్టలా ఉండేది. మంచం మీద నుంచి లేవడానికి గోడ కావాలి, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు. పది, పదకొండు అయ్యేసరికి మెల్లగా సడలేది. మధ్యాహ్నం మిషను తొక్కుతున్న నన్ను చూస్తే ఎవరూ నమ్మరు, పొద్దున ఈవిడే గ్యాసు స్టవ్ నాబ్ తిప్పలేక నిలబడిపోయిందని.

సలహాలకు మాత్రం మా వీధిలో కరువు లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో వానకి తడిశావు, చలి ఎముకల్లో దిగిందని ఒకావిడ. వంకాయ మానెయ్యమని ఒకావిడ. గ్యాసు అని ఒకావిడ. వాతమన్నారు, కాల్షియం అన్నారు, ఎప్పుడో వచ్చిన విషజ్వరం తాలూకు మిగులన్నారు. మా ఆయన పోర్టులో క్రేన్ల దగ్గర ఫిట్టరు. ఆయన లోకంలో ఏది ఆగినా కారణం రెండే, బేరింగు అరిగిందో, గ్రీజు ఎండిందో.

"మోకాల్లో గ్రీజు అయిపోయుంటాది. మా క్రేనుకీ ఇలాగే అవుద్ది" అనేవారు, వేడినీళ్ళ బకెట్టు మోసుకొస్తూ.

"మీ క్రేను వంట కూడా చేస్తుందా?" అని నేను.

ఆ బకెట్టు సంగతి తర్వాత చెబుతాను. చెప్పకపోతే పాపం.

మొదటి డాక్టరు రక్తం తీయించాడు. రెండో ఆయన ఎక్స్‌రేలు తీయించాడు. అన్నీ నార్మల్. "కొంచెం బరువు తగ్గండి, వాకింగ్ చెయ్యండి" అన్నాడు ఒకాయన. "ఇంట్లో ఏమైనా ఒత్తిడి ఉందా?" అని అడిగాడు ఇంకొకాయన, మా ఆయన వైపు చూస్తూ. పాపం ఆయన కుర్చీలో ముడుచుకుపోయారు. రిపోర్టులు పట్టడానికి మిగిలిన లైనింగు ముక్కలతో ఒక సంచి కుట్టాను. ఎక్స్‌రే మడత పడకుండా సరిగ్గా ఆ కొలతకి, భుజానికి తగిలించుకునేలా. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ దాన్ని చూసి ముచ్చటపడి తనకీ ఒకటి కుట్టమంది. మూడేళ్ళలో నా రోగం నాకు సంపాదించి పెట్టిన ఆర్డరు అదొక్కటే.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు నేను తయారయ్యే తీరు ఒకటి ఉండేది. ఏడింటికి నొప్పి బిళ్ళ వేసుకునేదాన్ని. లేకపోతే ఆటోలో, తర్వాత ఆ కుర్చీల్లో గంటల కొద్దీ ఎలా కూర్చోను? బిళ్ళ పనిచేశాక తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని, మూరెడు మల్లెపూలు పెట్టుకుని బయల్దేరేదాన్ని. బట్టలు కుట్టే మనిషి నలిగిన చీరతో వీధిలోకి వస్తే రేపు ఎవరు వస్తారు? మా వృత్తిలో మా ఒళ్ళే మాకు బోర్డు. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదని మా అమ్మ అనేది. నేను నోటితో ఒక్క అబద్ధం ఆడలేదు. పొద్దున లేవలేకపోతున్నాననే చెప్పాను. కాకపోతే నా నోరు ఒకటి చెబుతుంటే ఒళ్ళు ఇంకొకటి చూపించింది. డాక్టర్లు పిడికిలి బిగించమంటే బిగించాను, చేతులు ఎత్తమంటే ఎత్తాను. వాళ్ళను మాత్రం ఏమని అనగలను?

మా వీధికి రోజూ పొద్దున ఏడు ఏడున్నరకి చేపల పెద్దమ్మ వస్తుంది. జాలరిపేట మనిషి. అరవై దాటి ఉంటుంది. హార్బరులో వేలంపాట అయ్యాక సత్తు బేసిను నింపుకుని షేర్ ఆటోలో వచ్చి మా రైలు పట్టాల పక్క వీధులన్నీ తిరుగుతుంది. ఆమెకు నేనే జాకెట్లు కుడతాను. ఈ ఊళ్ళో నాకు నచ్చిన ఆది ఆమెదొక్కటే. తెచ్చిన జాకెట్టు కుడి చంకలో రెండుసార్లు చిరిగి, రెండుసార్లు కుట్టు పడి ఉంది. బేసిను ఎత్తే చెయ్యి అది. ఆమె నోరు విప్పక్కర్లేదు, ఆ చిరుగు చూసి నేను ఆ చంక అర అంగుళం వదులు చేశాను.

నా పొద్దున్నలు చూసింది మా ఆయన తర్వాత ఆమె ఒక్కతే. గేటు గెడ తీయడానికి నేను రెండు చేతులతో కుస్తీ పట్టడం మొదట్లో చూస్తూ నిలబడింది. కొన్నాళ్ళకి నన్ను పిలవడం మానేసి, తనే గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టి గెడ లాగి లోపలికి వచ్చేది. చేప కడిగి, ముక్కలు కోసి, గిన్నెలో పెట్టి మూత వేసి వెళ్ళేది. మిగతా ఇళ్ళలో చేప ఇచ్చి పోయేదే. నా దగ్గర ఎందుకు కోస్తోందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని భయం.

మూడో డాక్టరు దగ్గరికి బయల్దేరిన రోజు వీధి చివర ఎదురైంది. అప్పటికి పదిన్నర. నన్ను పైనుంచి కిందికి చూసి బేసిను దించింది.

"ఓలమ్మ! ఏ పెళ్ళికెల్తన్నావేటి?"

"పెళ్ళి కాదు పెద్దమ్మా, డాక్టరు దగ్గరికి."

"డాకటరు కాడికా? పొద్దుటేల గెడ తియ్యనేకపోయింది ఈ సెయ్యేనా?"

"బిళ్ళ వేసుకున్నాను. వేసుకోకపోతే అక్కడిదాకా ఎలా వెళ్తాను?"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే ఆ డాకటరు ఏటి సూత్తాడు? నిన్ను సూత్తాడా, నువ్వేసుకున్న బిల్లని సూత్తాడా? మాకైతే సెప్తావు, మంచి జాకెట్టు ఆదికి తేకండర్రా అని. నువ్వేటి, పౌడరేసుకుని మంచి జాకెట్టునే అట్టుకెల్తన్నావు."

నాకు ఒళ్ళు మండింది. చేపలమ్మే మనిషి నాకు వైద్యం చెప్పడమా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గాని, అనిపించింది. "నాకు తెలుసులే పెద్దమ్మా, నువ్వెళ్ళు" అని విసురుగా నడిచి ఆటో ఎక్కాను. మూడో డాక్టరు నా చేతులు నొక్కి, రిపోర్టులు తిరగేసి, చిరునవ్వు నవ్వి, "ఏమీ లేదమ్మా, సంతోషంగా ఉండండి" అని నిద్రకి మందు రాశాడు. నాకు నిద్ర బాగానే పడుతుంది. లేవడమే కష్టం.

ఆ వారమే మా ఆయన ఒక మాట అన్నారు. కోపంగా కాదు. పొద్దున నా మోకాళ్ళ మీద వేడి గుడ్డ వేస్తూ మెల్లగా అన్నారు.

"నిజంగా నొప్పేనా, నేపోతే ఆలోసించీ ఆలోసించీ అలాగనిపిస్తందా?"

మూడేళ్ళలో ఎన్నో మాటలు పడ్డాను. అన్నవాళ్ళకి అక్కడికక్కడే అప్పజెప్పాను కూడా. ఈ మాటకి మాత్రం గోడ వైపు మొహం తిప్పుకున్నాను. ఎందుకంటే అదే ప్రశ్న నన్ను నేను అప్పటికే వందసార్లు అడుక్కుని ఉన్నాను. ముగ్గురు చదువుకున్నవాళ్ళు ఏమీ లేదంటే, ఉందని పట్టుబట్టడానికి నేనెవర్ని?

ఆ తర్వాత పది రోజులకి పట్టు జాకెట్టు గుడ్డ పాడు చేశాను. మాధవధార నుంచి వచ్చిన పెళ్ళికూతురిది. గుడ్డ పరిచి చంక వంపు దగ్గర కత్తెర వేస్తుంటే బొటనవేలు ఒక్కసారి వదిలేసింది. కత్తెర పక్కకి జారి జరీ దాకా తెగింది. ఇన్నేళ్ళలో నా చేతి కింద తెగిన మొదటి పెళ్ళి గుడ్డ అది. ఆ అమ్మాయి వస్తే దాచకుండా చూపించాను. తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల నా చేతిని చూసి, "ఆంటీ, అక్కడ బోర్డరు ముక్క వేసి డిజైనులా చేసెయ్యండి" అంది. వేశాను. పెళ్ళిలో అందరూ ఆ డిజైను ఎక్కడిదని అడిగారట. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కానీ నాకు నేను ఒక మాట అనుకున్నాను. ఇంకొక్క డాక్టరు. ఆ డాక్టరు కూడా ఏమీ లేదంటే ఇంటి ముందు టైలరింగు బోర్డు తీసేస్తాను. జబ్బు ఉందంటే దాన్నిబట్టి నడుచుకోవచ్చు. ఏ పని మానాలో, ఏ పని ఉంచుకోవాలో తెలుస్తుంది. ఏ జబ్బూ లేకుండానే చెయ్యి ఇలా జారిపోతుంటే మాత్రం నన్ను నేను నమ్ముకుని ఇంకొకరి పెళ్ళి గుడ్డ మీద కత్తెర వెయ్యలేను. మా ఆయనకీ ఈ మాటే చెప్పాను. రెండు రోజుల తర్వాత, కీళ్ళకే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉందని తోటి ఫిట్టరు చెబితే వెళ్ళి టోకెను రాయించుకొచ్చారు. ఆవిడ ఓపీ పొద్దున ఎనిమిదింటికే మొదలవుతుందట.

ముందు రోజు చేపల పెద్దమ్మ గెడ తీసుకుని లోపలికి వచ్చినప్పుడు నేనే పిలిచాను.

"పెద్దమ్మా, రేపు డాక్టరు దగ్గరికి. బిళ్ళ వేసుకోను."

ఆమె చేప పొలుసులు తీస్తూ తల ఎత్తలేదు. "పౌడరో?"

"పౌడరూ లేదు."

"మంచిది. నాను సెప్పినప్పుడు మొకం మాడ్సుకున్నావు."

"మాడ్చుకున్నాను. తప్పే."

"సిమ్మాచలం అప్పన్న ఉన్నాడులే. ఎల్లిరా."

మర్నాడు ఆరున్నరకి లేవడానికి ప్రయత్నించాను. బిళ్ళ లేకుండా పొద్దున్నే చీర కట్టి బయల్దేరడం ఎలా ఉంటుందో నాకే సరిగ్గా గుర్తు లేదని అప్పుడు తెలిసింది. మా ఆయన లేపి కూర్చోబెట్టారు. చీర ఎలాగో చుట్టుకున్నాను. జాకెట్టు చేతులు తొడిగారు. హుక్కుల దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. చిన్న ఇనుప హుక్కు, దాన్ని దారపు కాజాలోకి దూర్చాలి. ఇలాంటివి లక్ష కుట్టి ఉంటాను. వేళ్ళు హుక్కుని తాకుతున్నాయి గాని పట్టుకోవడం లేదు.

"ఉండు, నానెడతాను" అని మా ఆయన ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు.

నాలుగు హుక్కులు. క్రేను నట్లు బిగించే వేళ్ళు అవి. ఒక్కో హుక్కుకీ ఊపిరి బిగబట్టి, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లాడు రాత రాసినట్టు పెట్టారు. చివరిది పెట్టి, "అయిపోయింది" అని గొప్పగా లేచారు. నేను అద్దంలో చూసుకోలేదు. జడ వెయ్యలేకపోతే జుట్టు ముడి వేశారు. ఆ ముడి గురించి ఏమీ రాయకపోవడమే ఆయనకి నేను చేయగల మర్యాద. నలిగిన చీరతో, ఆ ముడితో, పువ్వు లేకుండా మా వీధంతా నడిచి ఆటో ఎక్కాను. ఎదురింటావిడ పళ్ళు తోముకోవడం ఆపి చూసింది. రైలు గేటు దాటి, ఆసుపత్రి చేరేవరకు ఎన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయో ఆ రోజు లెక్క తెలిసింది.

డాక్టరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నదిలా ఉంది. నేను లోపలికి వెళ్తూనే సంచిలోంచి రిపోర్టులు తీయబోయాను. ఆవిడ చెయ్యి చాపలేదు. నేను నడిచి వచ్చిన తీరు, కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్న తీరు చూస్తోంది. తర్వాత ఆవిడ చూపు నా పైట పక్కన ఆగింది.

"హుక్కులు మీరే పెట్టుకున్నారా?"

కిందికి చూసుకున్నాను. పై హుక్కు రెండో కాజాలో ఉంది. రెండోది మూడోదాంట్లో, మూడోది నాలుగోదాంట్లో. నాలుగో హుక్కుకి కాజా మిగలక గుడ్డలోకే గుచ్చేశారు. పైన ఒకవైపు గుడ్డ పైకి లేచి, మెడ దగ్గర వంకర పోయి ఉంది. అలాంటి జాకెట్టుతో నేను రోడ్డు మీద, ఆటోలో, యాభై మంది కూర్చున్న హాలులోంచి వచ్చాను.

"నేను టైలర్నండి" అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నొప్పి అని కాదు, బిగుసుకుపోతున్నాయని కాదు. నేను టైలర్నండి అని. తర్వాత ఏడుపు ఆగలేదు. మూడేళ్ళలో ఏ డాక్టరు ముందూ ఏడవలేదు. పౌడరు పోతుందని కాబోలు.

ఆవిడ తొందరపెట్టలేదు. గ్లాసుతో నీళ్ళు ఇప్పించి, నేను తాగాక అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి మీ హుక్కులు మీరు పెట్టుకోలేకపోతున్నారు?"

నొప్పి ఎక్కడ అని అందరూ అడిగారు. ఎంత నొప్పి అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. దీనికి నా దగ్గర జవాబు ఉంది. పదకొండు తర్వాత పెట్టుకోగలనని, పొద్దున పెట్టుకోలేక ఏడాది దాటిందని, అందుకే ఇంట్లో మధ్యాహ్నం దాకా నైటీలో ఉంటానని, బయటికి వెళ్ళే రోజు బిళ్ళ వేసుకుంటానని చెప్పాను. ఇవాళ వేసుకోలేదని కూడా చెప్పాను. ఆవిడ మంచం చుట్టూ తెర లాగి, నన్ను లోపల కూర్చోబెట్టి, పై హుక్కు తనే తీసి, "ఇప్పుడు పెట్టండి, చూస్తాను" అంది. తెర అవతల కుర్చీలో మా ఆయన.

ప్రయత్నించాను. ఆవిడ నా మొహం చూడలేదు, నా వేళ్ళనే చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఒక్కో వేలి కణుపూ రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. మణికట్టు తిప్పింది. రెండో చేతితో పోల్చింది.

"ఇక్కడ వాపుంది. ఇక్కడా ఉంది. ఈ మూడు వేళ్ళూ చూడండి, మీకే తెలుస్తుంది."

"మరి రిపోర్టుల్లో లేదన్నారు కదమ్మా."

"కొన్ని జబ్బులు మొదట్లో రిపోర్టులకి చిక్కవు. మీ చేతుల్లో మాత్రం ఉంది."

"ఏం జబ్బు?"

"ఆ పేరు ఇవాళ చెప్పలేను. ఇంకొన్ని పరీక్షలు చెయ్యాలి, కొన్నాళ్ళు చూడాలి. తొందరపడి తప్పు పేరు పెడితే తప్పు మందు ఇస్తాం. కానీ ఒకటి చెప్తాను, ఇది మీ ఊహ కాదు."

తెర అవతల కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచి నిలబడ్డట్టున్నారు.

ఆవిడ ఇంకో మాట కూడా అంది, కొంచెం గట్టిగానే. ఇకమీదట ఏ బిళ్ళైనా వేసుకోవడం, మానడం సొంతంగా చెయ్యొద్దని, వేసుకుంటే ఏది ఎప్పుడు వేసుకున్నదీ తనకి చెప్పాలని. ఒక నోటుబుక్కు పెట్టి రోజూ రాయమంది. ఎన్నింటికి లేచాను, ఎన్నింటికి మొదటి హుక్కు పెట్టుకోగలిగాను, అంతే. ఇంటరుతో చదువాపేసిన నేను ఆ నోటుబుక్కుతోనే మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. మొదట్లో వేళలు రాశాను. తర్వాత వేళల పక్కన ఒకటీ రెండూ మాటలు. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ పక్కమాటలు పెరిగి పెరిగి వచ్చినదే.

తిరుగు ఆటోలో మా ఆయన రిపోర్టుల సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. రైలు గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు అన్నారు.

"ఆ రోజు నాను అలాగనకుండా ఉండాల్సింది."

ఆ మాటకి సమాధానంగా నేను ఎన్నో దాచిపెట్టుకుని ఉన్నాను. ఒక్కొక్కటీ నూరి పదును పెట్టినవే. "హుక్కులు మాత్రం బాగా పెట్టారు" అన్నాను. ఆయన అప్పుడు గాని నా జాకెట్టు సరిగ్గా చూడలేదు. చూసి నాలిక కరుచుకున్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆటో అతను అద్దంలోంచి చూశాడు, ఆసుపత్రి నుంచి వస్తూ ఇంత నవ్వేమిటా అని.

ఇది జరిగి ఏడాది అవుతోంది. నా జబ్బుకి ఇంకా పేరు పెట్టలేదు. రెండు పేర్లు అనుకుని, పరీక్షలు చేసి, కాదని పక్కన పెట్టారు. మూడోదాని మీద ప్రస్తుతం అనుమానం. మందులు ఒకటి పడలేదు, ఇంకొకటి పడింది. వారంలో నాలుగు పొద్దున్నలు మంచివి, మూడు చెడ్డవి. ఒకప్పుడు నాకు పేరే కావాలనిపించేది. పేరు చెబితే చాలు, అందరి నోళ్ళూ మూయించవచ్చని. ఇప్పుడూ తెలిస్తే బాగుణ్ణనే ఉంటుంది, చెడ్డ పొద్దున్న మరీనూ. కానీ పేరు లేకపోయినా ఉందని నమ్మినవాళ్ళు ముగ్గురు ఉన్నారు. నాకు అది చిన్న సంగతి కాదు.

బోర్డు తీయలేదు. పని తగ్గించాను. పొద్దున కత్తెర ముట్టను. మా ఊరి పాత బజారులో నేను లైనింగు కొనే దుకాణం సాయిబు గారికి నా సంగతి తెలిసి, నేను అడక్కుండానే నా గుర్తుల ప్రకారం లైనింగు తనే కత్తిరించి, కట్ట కట్టి ఉంచుతున్నారు. "నీ చెయ్యి కుట్టుకి దాచుకో బేటీ, కోతకి నా చెయ్యి ఉంది కదా" అంటారు. చేపల పెద్దమ్మ సింహాచలం కొండెక్కి నా పేరున కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ప్రసాదం తెచ్చి ఇస్తూ, "డాకటరమ్మ ఆదివ్వమంటే రోజూ ఏసుకున్నదే ఇచ్చావా నేదా?" అని అడిగింది. ఇచ్చానన్నాను. ఆమెకి చంక వదులుగా రెండు జాకెట్లు కుట్టి పెట్టాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను. ఇన్నాళ్ళూ ఆమె ఊరికే చేప కోసినట్టే ఇది కూడా అని మనసులో అనుకున్నాను.

ఇక బకెట్టు సంగతి. ఈ నాలుగేళ్ళూ, అంటే నమ్మిన రోజుల్లోనూ, నమ్మని రోజుల్లోనూ, షిఫ్టు నుంచి వచ్చిన రోజూ, షిఫ్టుకి వెళ్ళే రోజూ, మా ఆయన నాకు వేడినీళ్ళు కాచి బకెట్టు మోయడం ఒక్క పొద్దున కూడా మానలేదు. ఆయనకి నా నొప్పి మీద అనుమానం వచ్చిన రోజు కూడా బకెట్టు వచ్చింది. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నమ్మకపోయినా మోసిన మనిషి ఆయన. డాక్టర్లకి ఆది తప్పు ఇచ్చినట్టే ఆయన్నీ ఒక్క మాటతో కొలిచి తప్పు కొలత వేసుకున్నాను. కొలవాల్సింది రోజూ వచ్చే ఆ బకెట్టుతో.

ఈ రోజు మంచి పొద్దున. ఏడింటికే వేళ్ళు వంగాయి. నాలుగో హుక్కు నేనే పెట్టుకున్నాను, మూడోది పెట్టుకున్నాను, రెండోదీ పెట్టుకున్నాను. పై హుక్కు చేతిలోకి తీసుకున్నాను. అది కూడా పెట్టుకోగలను, తెలుస్తూనే ఉంది. నోటుబుక్కులో ఆ మాట రాశాను కూడా. తర్వాత దాన్ని అలాగే వదిలేసి వంటింటి వైపు కేకేశాను.

ఆయన తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఊపిరి బిగబట్టి, నాలుక బయటపెట్టి, హుక్కు పెట్టారు.

"ఈసారి సరిగ్గా ఎట్టానా?" అన్నారు.

సరిగ్గానే పెట్టారని చెప్పాను.